పార్నెల్, రెడ్మండ్: ఐర్లండ్‌కు ఎవరి నాయకత్వం మేలు?

బ్రిటన్ పాలన కింద ఉంటూనే ఐర్లండ్‌కు సొంత శాసనసభ కావాలన్న స్వపరిపాలన ఉద్యమం గురించి రాసినప్పుడల్లా పాఠకులు ఒకే ప్రశ్న అడుగుతున్నారు: బ్రిటిష్ పార్లమెంటులో ఐరిష్ పార్టీని నడిపిన చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్, జాన్ రెడ్మండ్, ఈ ఇద్దరిలో ఎవరు మేలు?

సాధించినదే లెక్కలోకి తీసుకుంటే రెడ్మండ్‌దే పైచేయి. పార్నెల్ కాలంలో, 1886లో, స్వపరిపాలన బిల్లు పార్లమెంటు దిగువసభ అయిన కామన్స్ సభలోనే 341–311 ఓట్లతో వీగిపోయింది. 1910లో ఎవరికీ మెజారిటీ రాని సభలో రెడ్మండ్ తన సభ్యుల బలంతో లిబరల్ ప్రభుత్వాన్ని ఒప్పించి, ఎగువసభ అయిన ప్రభువుల సభ వీటోకు కళ్లెం వేయించి, 1914 సెప్టెంబరు 18న బిల్లును చట్టంగా చూడగలిగారు.

అయితే నా దృష్టిలో అసలు గీటురాయి వేరు. చేతిలోని బలాన్ని ప్రతిఫలం దక్కకముందే వదులుకున్నారా, లేదా? 1881లో కౌలుదార్లకు హక్కులిచ్చే భూచట్టం వచ్చినా పార్నెల్ భూమి ఆందోళన విరమించలేదు. బకాయిపడ్డ కౌలుదార్లకు ఊరట ఇస్తామన్న హామీ అందాకే, తాను ఖైదీగా ఉన్న కిల్మైన్‌హామ్ జైలు నుంచి, ఆ ఆందోళనను చల్లబరచడానికి అంగీకరించారు. రెడ్మండ్ విషయంలో, చట్టానికి రాజు ఆమోదం లభించిన రోజే మొదటి ప్రపంచ యుద్ధం పేరుతో దాని అమలును నిలిపివేశారు. స్వపరిపాలనపై గట్టి వ్యతిరేకత ఉన్న ఉత్తర ప్రాంతం అల్‌స్టర్ సంగతీ తేలలేదు. సరిగ్గా రెండు రోజులకు, లండన్ నుంచి విక్లో కొండల్లోని ఇంటికి వెళ్తూ, ఆయన వుడెన్‌బ్రిడ్జ్‌లో స్వపరిపాలన కోసం ఏర్పడిన ఐరిష్ వాలంటీర్ల దళం ముందు ఆగి, బ్రిటన్ పక్షాన యుద్ధం ఎక్కడుంటే అక్కడికి వెళ్లి పోరాడమని కోరారు. ఆయన వెళ్తున్న ఆ ఇల్లు ఒకప్పుడు పార్నెల్ వేటవిడిది కావడం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. వాలంటీర్లలో ఎక్కువమంది ఆయన వెంటే నిలిచినా, విడిపోయిన కొద్దివేలమందిలో నుంచే బ్రిటన్ పాలనపై 1916 ఈస్టర్ తిరుగుబాటు పుట్టింది. (మన వి.వి. గిరి డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివినది ఆ రోజుల్లోనే.) రెడ్మండ్ చిత్తశుద్ధిని శంకించలేము, ఆయన సొంత తమ్ముడు అదే యుద్ధంలో, 1917లో మెసీన్ పోరులో ప్రాణాలిచ్చాడు.

పార్నెల్ కూడా పెద్ద తప్పే చేశారు. 1890లో ఒక వివాహితతో తన సంబంధం విడాకుల కేసులో బయటపడ్డాక తప్పుకోవడానికి నిరాకరించి, పార్టీ రెండుగా చీలడానికి కారణమయ్యారు. మరుసటి ఏడాదే 45 ఏళ్లకు కన్నుమూశారు. ఆ చీలికలో ఆయన పక్షాన నిలిచి, 1900లో పార్టీ మళ్లీ ఒక్కటైనప్పుడు పగ్గాలు పట్టినది రెడ్మండే. పార్నెల్‌కు ముందటి నాయకుడు ఐజాక్ బట్ ఉద్యమానికి పునాది వేసిన వ్యక్తి, అంతవరకే. రెడ్మండ్ తర్వాత జాన్ డిల్లన్‌కు నాయకత్వం దక్కేసరికి వ్యవధే మిగలలేదు.

ఇన్ని చెప్పినా నా మొగ్గు పార్నెల్ వైపే. బలాన్ని ముందే వదులుకున్న రెడ్మండ్ పార్టీకి చివరికి దక్కినదేమిటో చూడండి. 1918 మార్చిలో రెడ్మండ్ మరణించారు. డిసెంబరు ఎన్నికల్లో పూర్తి స్వాతంత్ర్యం కోరిన షిన్ ఫేన్ పార్టీకి 73 స్థానాలు రాగా, ఆయన పార్టీకి ఐర్లండ్‌లో మిగిలినవి 6. వాటిలో అల్‌స్టర్ వెలుపల దక్కినది వాటర్‌ఫర్డ్ ఒక్కటే. అక్కడ గెలిచినది ఆయన కొడుకు.