స్పీడ్ టెస్టా, రూటర్‌కు తగిలించే బాక్సా?

నెట్ నెమ్మదించగానే ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ నొక్కుతాం. అర నిమిషంలో ఫలితం వస్తుంది. కానీ అది ఒక్క లైన్ స్పీడే కాదు. వైఫై, అడ్డు గోడలు, పాత ఫోన్ అన్నీ కలిసిన లెక్క. పైగా సాధారణంగా దగ్గరి సర్వర్‌తోనే కొలుస్తుంది కాబట్టి, అంకె ఒక్కోసారి ఉన్నదానికంటే ఘనంగా కనిపిస్తుంది.

నెట్ నాణ్యతను కొలిచే చిన్న పెట్టె, సామ్‌నోస్ కంపెనీ వైట్‌బాక్స్ లాంటిదాన్ని, రూటర్‌కు కేబుల్‌తో తగిలిస్తారు. ఇంట్లో ఎవరూ నెట్ వాడని సమయం చూసుకుని, రాత్రీ పగలూ తనంతట తానే కొలుస్తుంది. అమెరికాలో టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ బ్రాడ్‌బ్యాండ్ వేగంపై 2011 నివేదికకు వాడింది ఇలాంటి బాక్సులే. రాత్రి 9 గంటలకు వీడియో కాల్ ఎందుకు తడబడుతోందో దీనికే దొరుకుతుంది. డౌన్‌లోడ్ 100 ఎంబీపీఎస్ ఉన్నా, లేటెన్సీ (డేటా వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) 20 నుంచి 300 మిల్లీసెకన్లకు ఎగబాకితే మాటకు మాట అందదు.

నెట్ కంపెనీతో వాదనకు బాక్సే నయం. అది లేకపోతే, ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెట్టి వేర్వేరు వేళల్లో టెస్ట్ చేసి, స్క్రీన్‌షాట్లు దాచుకోండి.