‘హియర్ ఐ గో అగైన్’: 1982 పాటా, 1987 పాటా... ఏది మేలు?

బ్రిటిష్ రాక్ బ్యాండ్ వైట్‌స్నేక్ అనగానే ఎక్కువమంది నోట వచ్చే పాట ‘హియర్ ఐ గో అగైన్’. దీన్ని ఆ బ్యాండ్ రెండుసార్లు రికార్డు చేసింది. మొదటిది 1982 నాటి ‘సెయింట్స్ అండ్ సిన్నర్స్’ ఆల్బమ్‌లో ఉంది, రెండోది 1987లో బ్యాండ్ పేరుతోనే వచ్చిన ఆల్బమ్‌లో. రేడియో కోసం వేరే వాద్యకారులతో చేయించిన మూడోది కూడా ఉంది గానీ, దాన్ని పోటీలోకి తేనక్కర్లేదు. హడావిడిగా మొదలై హడావిడిగా అయిపోతుంది.

గాయకుడు డేవిడ్ కవర్‌డేల్ ఇంగ్లండ్ ఈశాన్య తీరం వాడు. రెడ్‌కార్‌లో బట్టల కొట్లో పనిచేస్తూ 1973లో ఏకంగా పేరుమోసిన రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్‌లోకి, గాయకుడు ఇయాన్ గిలన్ ఖాళీ చేసిన చోటికి వెళ్లాడు. 1976లో ఆ బ్యాండ్ చెదిరిపోయింది. 1978లో సొంతంగా వైట్‌స్నేక్ కట్టుకున్నాడు. అప్పటి వైట్‌స్నేక్‌ది పక్కా బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల పాటల బాణీ) వాసన.

ఈ పాట ఆ రోజుల్లోదే. బాణీకి మూలం గిటారిస్టు బెర్నీ మార్స్‌డెన్. సాహిత్యం కవర్‌డేల్‌ది, మొదటి పెళ్లి విరిగిపోతున్న కాలంలో రాసుకున్నది. 1982 రికార్డులో ఆ సంగతి తెలుస్తూనే ఉంటుంది. జాన్ లార్డ్ ఆర్గన్ పరిచిన మెత్తటి నాదం మీద కవర్‌డేల్ మంద్రంలో, ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి చెబుతున్నట్టు పాడతాడు. పల్లవి దగ్గర బ్యాండ్ అంతా కలిసినా ఎవరూ అతన్ని తోసుకుని ముందుకు రారు. గిటార్లకు తొందర లేదు. డ్రమ్స్ మీద ఇయాన్ పేస్ ఉన్నాడు. ఎంత తక్కువ వాయిస్తే పాటకు మంచిదో తెలిసినవాడు. అప్పట్లో ఇది బ్రిటన్ సింగిల్స్ పట్టికలో 34వ స్థానం దగ్గర ఆగిపోయింది. ఆల్బమ్ బయటికొచ్చేనాటికి మార్స్‌డెన్, పేస్, బేసిస్టు నీల్ మర్రే బ్యాండ్‌లోనే లేరు.

1987 నాటికి లెక్కలు మారాయి. అమెరికాలో గెఫెన్ అనే రికార్డు కంపెనీ అండ దొరికింది. అక్కడివాళ్లకు ఈ పాట పెద్దగా తెలియదు కాబట్టి మళ్లీ చేస్తే ఆడుతుందని కంపెనీ మనిషి జాన్ కలోడ్నర్ పట్టుబట్టాడు. ఈలోగా సైనస్ ఇన్ఫెక్షన్, దానికి ఆపరేషన్. కవర్‌డేల్ నెలల తరబడి పాడలేకపోయాడు. తిరిగి వచ్చిన గొంతు తారస్థాయిలోనే ఎక్కువ సేపు నిలబడింది. రికార్డింగ్‌లో జాన్ సైక్స్ గిటార్ గోడలు కట్టినట్టు వినిపిస్తుంది, ఐన్స్‌లీ డన్‌బార్ డ్రమ్స్ హాలంతా మోగుతాయి. మధ్యలో వెళ్లిపోయిన మర్రే ఇక్కడ మళ్లీ ఉన్నాడు. కవర్‌డేల్ కాక రెండు రికార్డుల్లోనూ వాయించినవాడు అతనే.

ఈ వెర్షన్‌కి అసలు బలం మాత్రం ఏడ్రియన్ వాండెన్‌బర్గ్ వాయించిన సోలో, అంటే గిటార్ ఒక్కటే ముందుకొచ్చి పలికే చోటు. కాసేపే ఉంటుంది. వేళ్ల వేగం చూపించుకోవడం ఆ కాలపు జబ్బు. అతను ఆ దారి పట్టకుండా బాణీలోంచే ఇంకో బాణీ తీశాడు. కూనిరాగం తీయగలిగే గిటార్ సోలోలు ఎన్నో ఉండవు, ఇది వాటిలో ఒకటి. వీడియో కథ ఇంకా తమాషా. జాగ్వార్ కార్ల మీద నటి టానీ కిటేన్ సరే, వెనక వాయిస్తున్నట్టు కనిపించే వాళ్లలో వాండెన్‌బర్గ్ తప్ప తక్కినవాళ్లెవరూ ఆ రికార్డులో లేరు. ఆల్బమ్ రాకముందే సైక్స్‌తో సహా అందరినీ కవర్‌డేల్ పంపించేశాడు.

ఫలితం తెలిసిందే: 1987 అక్టోబరులో అమెరికాలో ఒకటో స్థానం, బ్రిటన్‌లో 9. కవర్‌డేల్ జీవితం ఈ పాటతో రెండు ముక్కలైంది. ముందున్నది యూరప్ హాళ్లలో పాడే బ్లూస్ గాయకుడి జీవితం, తర్వాతది అమెరికన్ స్టేడియాలది.

మరి ఏది మేలు? వేదిక ముందు వేలమంది గొంతు కలపాలంటే 1987దే. ఆ పల్లవిని అందుకోసమే అంత పెద్దది చేశారు. కానీ పాటలో ఉన్నవాడు ఒంటరి, దారి ఎటో తెలియకపోయినా నడక ఆపనివాడు. 1987లో పాడుతున్నవాడు అప్పటికే గెలిచేసినట్టు వినిపిస్తాడు. ఆ ధీమా చెవికి బాగుంటుంది, సాహిత్యానికి మాత్రం అతకదు. 1982లో అతని గొంతులో సందేహం ఇంకా ఉంది. నా ఓటు దానికే.

కొత్తగా వినేవాళ్లు మాత్రం 1987తోనే మొదలుపెట్టడం మంచిది. ఆ సోలో చెవిలో పడ్డాక పాతది వింటే అక్కడ గిటార్ కాస్త వెలితిగా అనిపిస్తుంది, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. రెండోసారి వినేటప్పుడు గిటార్ సంగతి వదిలేసి, మొదటి చరణంలో గొంతు కింద ఆర్గన్ ఏం చేస్తోందో పట్టుకోండి.