ఆర్బీఐ రిటైల్ డైరెక్ట్: సేవ బాగుంది, మన డబ్బు ఎటు పోతుందో కూడా అడగండి

విశాఖలో స్టీల్ ప్లాంట్, పోర్టు, షిప్‌యార్డుల్లో చేసి రిటైరైనవాళ్లకి పీఎఫ్ డబ్బు రాగానే ముందు గుర్తొచ్చేది ఫిక్స్‌డ్ డిపాజిటే. అది తప్పని అనను గానీ, రిజర్వ్ బ్యాంక్ 2021 నవంబర్‌లో మొదలుపెట్టిన రిటైల్ డైరెక్ట్‌ని కూడా ఒకసారి చూడండి. కేంద్ర ప్రభుత్వ బాండ్లు (అంటే ప్రభుత్వం మన దగ్గర అప్పు తీసుకుని ఇచ్చే పత్రాలు), ఏడాదిలోపే తీరే ట్రెజరీ బిల్లులు, రాష్ట్రాల బాండ్లు మధ్యలో ఏజెంటు లేకుండా మనమే కొనుక్కోవచ్చు. ఖాతాకి ఫీజు లేదు, పదివేలతో మొదలుపెట్టొచ్చు, బాండ్ల వడ్డీ ఆరు నెలలకోసారి నేరుగా బ్యాంకులో పడుతుంది. గాజువాకలో ఉండే మా మావయ్యకి నేనే దగ్గరుండి తెరిపించాను, ఏ టెన్షనూ లేకుండా అయిపోయింది. ఒక్క జాగ్రత్త: గడువు దాకా ఆగలేక అమ్మాలనుకుంటే అప్పటి మార్కెట్ ధరకే అమ్మాలి, ఈలోగా వడ్డీ రేట్లు పెరిగి ఉంటే పెట్టిందాంట్లో కొంత పోతుంది. ఏడాది రెండేళ్లలో ఇంట్లో పెళ్లి ఉన్నవాళ్లు 364 రోజుల ట్రెజరీ బిల్లు దాటి వెళ్లొద్దు.

బాండ్ల గడువులు చూసి మావయ్య "ఇన్నేళ్లకి తీసుకుంటే ఎవడు తీరుస్తాడ్రా?" అన్నారు. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. 2023లో కేంద్రం మొదటిసారి 50 ఏళ్ల బాండ్ అమ్మింది, అది తీరేది 2073లో. ఈరోజు సంతకాలు పెట్టేవాళ్లెవరూ ఆ రోజు పదవిలో ఉండరు, కట్టేది ఇప్పుడు బడికి వెళుతున్న పిల్లలు.

2025-26 బడ్జెట్ అంచనాల్లో వడ్డీలకే 12.76 లక్షల కోట్లు రాశారు. రోడ్లు, రైల్వేల లాంటి ఆస్తుల మీద పెట్టే మూలధన వ్యయం 11.21 లక్షల కోట్లు, అంటే వడ్డీ కంటే తక్కువ. పైగా ఈ వడ్డీని రాజ్యాంగం ప్రకారం పార్లమెంటులో ఓటుకి పెట్టరు, చర్చించొచ్చు అంతే. కాబట్టి ఎంపీ నిలదీయాల్సింది అప్పు చేసేటప్పుడే, ఆ తర్వాత అతని చేతిలో ఏమీ ఉండదు.

ఇందులో ఏ పార్టీకీ మినహాయింపు లేదు. లోటుకి, అంటే రాబడికి మించి చేసే ఖర్చుకి, కళ్లెం వేసే ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం 2003లో వాజ్‌పేయి హయాంలో వచ్చింది, 2008 ప్రపంచ ఆర్థిక సంక్షోభంలో యూపీఏ దాని లక్ష్యాలను పక్కన పెట్టింది, 2018లో ఎన్డీయే దాన్ని సవరించి 2024-25 చివరికి కేంద్రం అప్పు జీడీపీలో 40 శాతం దాటకూడదని రాసుకుంది. అది ఇప్పుడు 56 శాతం దగ్గర ఉంది, కొత్త లక్ష్యం 2031 మార్చికి 50 శాతం. తప్పినందుకు చట్టంలో శిక్షేమీ లేదు, ఆర్థిక మంత్రి సభలో వివరణ ఇస్తే చాలు.

అప్పు చేయడమే నేరమని నేననను. కరోనా ఏడాదిలో లోటు జీడీపీలో 9.2 శాతానికి వెళ్లిందంటే అర్థం చేసుకోవచ్చు. ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) పేరు మీద బడ్జెట్ బయట దాచిన అప్పుల్ని 2021లో నిర్మలా సీతారామన్ లెక్కల్లోకి తెచ్చారు, ఆ మంచిపని చెప్పుకోవాలి. 2025 జనవరిలో మన స్టీల్ ప్లాంట్‌కి 11,440 కోట్లు ఇస్తామంటే సంతోషపడ్డాం, రేపు మళ్లీ అవసరమైతే మళ్లీ అడుగుతాం. అడిగే హక్కు ఎంత ఉందో, ఆ డబ్బు పన్నుల నుంచి వచ్చిందా అప్పు నుంచి వచ్చిందా అని తెలుసుకునే బాధ్యతా అంతే ఉంది. ఉచితాలు ప్రకటించే నాయకుడినీ ఇదే అడగాలి, చప్పట్లు కొట్టేముందే.

సేవకి ఐదులో నాలుగిస్తాను. ఒకటి తగ్గించింది రిజర్వ్ బ్యాంక్ మీద కోపంతో కాదు, అది కేంద్రం తరఫున అప్పు సేకరించే సంస్థ మాత్రమే. బాండ్ కొనేచోట రేటు, గడువు కనిపిస్తాయి, ఈ ఏడాది తెచ్చిన అప్పులో ఎంత పాత వడ్డీకి పోయిందో, ఎంత ఆస్తిగా మారిందో కనిపించదు. బడ్జెట్ పత్రాల్లో ఉంటుంది, అవి ఇంగ్లీషు, హిందీల్లోనే. ఆ ఒక్క పేజీ ఆర్థిక మంత్రి సంతకంతో, తెలుగులో, కొనే బటన్ పక్కనే పెడితే ఆ ఐదోది కూడా ఇచ్చేస్తాను.