అయిదు గబ్బిలాల చైనా కార్పెట్: పదేళ్ళు దాటాక

ఉన్ని ఎలాంటిది, అడుగుకి ఎన్ని ముడులు, సైజు ఎంత, ఇవన్నీ ఏ షాపువాడైనా చెప్తాడు. నేను రాయాలనుకున్నది గాడి గురించి. చైనా కార్పెట్లో ఒక రంగు ఆగి ఇంకో రంగు మొదలయ్యే చోట, నేత అంతా అయిపోయాక, కత్తెరతో ఏటవాలుగా కత్తిరించి సన్నటి గాడి తీస్తారు, దాంతో పువ్వులూ అక్షరాలూ ఉబ్బెత్తుగా పైకి లేచి కనబడతాయి. అర్ధరాత్రి మంచినీళ్ళకి లేచి లైటు వేయకుండా నడిచినా గబ్బిలం రెక్క ఎక్కడుందో పాదానికి తెలిసిపోయేది.

అవును, గబ్బిలాలే. మాది ముదురు నీలం మీద మీగడ రంగు, మధ్యలో దీర్ఘాయువుని సూచించే గుండ్రటి 'షౌ' అక్షరం, దాని చుట్టూ అయిదు గబ్బిలాలు. మా అత్తగారు ఒంగోలు నుంచి న్యూజెర్సీ వచ్చి, చూడగానే, "ఇంట్లోకి గబ్బిలం దూరితేనే శాంతి చేయిస్తారు, నువ్వు డబ్బు పోసి కొనుక్కొచ్చావా అమ్మా?" అన్నారు. చైనా భాషలో గబ్బిలం, అదృష్టం ఒకేలా పలుకుతాయనీ, అయిదు గబ్బిలాలంటే అయిదు భాగ్యాలనీ చెప్పాను: ఆయుష్షు, సంపద, ఆరోగ్యం, మంచి గుణం, చివరిది ఆయుష్షు నిండాక సహజంగా పోవడం. అయిదోది వినగానే మెత్తబడ్డారు, గుడిలో కూర్చుని ఆవిడ రోజూ అడిగేదీ అదే కదా. ఆ తర్వాత ఉన్నన్నాళ్ళూ వాటిని తొక్కకుండా పక్కనుంచే నడిచారు.

ఇక అసలు గోల. ఇంటికొచ్చి కార్పెట్లు ఉతికే కంపెనీవాళ్ళని పిలిచాం, గిరగిరా తిరిగే బ్రష్షు మెషీన్ పెట్టి రుద్దేసి వెళ్ళారు. ఆరాక చూస్తే గుమ్మం వైపున్న రెండు గబ్బిలాల అంచులు నూగులా లేచిపోయి, గాడి పూడుకుపోయి, నీలం మీగడలోకి పాకినట్టు ఉంది. ఫోన్ చేస్తే వాడుతుంటే అదే సర్దుకుంటుందన్నారు. నెలలు గడిచినా సర్దుకోలేదు. చివరికి పాత కార్పెట్లు బాగుచేసే ఒక పెద్దాయన దొరికాడు. నేల మీద బోర్లా పడుకున్నంత పని చేసి, అరచేత్తో ఉన్నిని ఒకవైపుకి దువ్వి, పిడి పైకి వంగిన కత్తెరని కార్పెట్ మీద దాదాపు పడుకోబెట్టి, రంగు మారే గీతకి ఇటొకసారి అటొకసారి కొద్దికొద్దిగా కోశాడు. ఒక్కో గబ్బిలానికి గంట పైనే పట్టింది, పక్కన గుప్పెడు నీలం నూగు పోగయింది. రెక్కలు మళ్ళీ లేచాయి. కానీ ఇలా కోసిన ప్రతిసారీ ఉన్ని ఎత్తు తగ్గుతుందని, ఇంకోసారికి మించి పనికిరాదని చెప్పి మరీ వెళ్ళాడు.

అప్పట్లో ఫ్రెండ్స్ అందరికీ కళ్ళు మూసుకుని కొనేయమని చెప్పేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. టీపాయ్ కింద గాడి కొత్తదానిలా ఉంది, నడిచే దారిలో సగం అణిగిపోయింది. పైగా ఆ గాడిలోకి పోపు గింజలు, మురుకుల పొడి చేరితే వాక్యూమ్‌కి ఓ పట్టాన రావు (తిరిగే బ్రష్షు ఆపి వాడాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు).

ఇంత లోతు గాడి ఉండాలంటే ఉన్ని మందంగా ఉండాలి. 1920ల్లో ఉత్తర చైనాలోని టియాన్‌జిన్ వర్క్‌షాపులు అమెరికా ఇళ్ళ కోసం మందంగా నేయడం మొదలుపెట్టాయి. మాది 1980ల సరుకు, అదే దారి. వాయవ్య చైనాలోని నింగ్షియాలో నేసిన పాత కార్పెట్లు మామూలుగా ఇంత ఎత్తుగా ఉండవు.

మా ఇంట్లో చెప్పులు బయటే వదులుతాం, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, అందుకని నాకు ఇప్పటికీ ఇదంటే పిచ్చి. పాకే పిల్లలో కుక్కో ఉంటే, లేదా హాల్లోనే అన్నాలు తినే ఇల్లయితే, ఆలోచించుకోండి. తప్పదనుకుంటే ఆ 1920ల టియాన్‌జిన్ డిజైన్లలో మూలల్లో మాత్రమే పూలకొమ్మలు పెట్టి మధ్యంతా ఖాళీగా వదిలేసినవి ఉంటాయి, అలాంటిది వెతకండి. నడిచే చోట చెడిపోవడానికి గాడే ఉండదు.