ఇన్నేళ్లూ కిటికీలోంచే చూసిన తాడిపత్రి

డిసెంబరు సెలవులకు కడపకు వచ్చిన మర్నాడే మా తమ్ముడు అడిగాడు, "అక్కా, ఆడ ఏమేం చూసినావు?" అని. నేను చదివేది జర్మనీలోని ఆఖెన్‌లో. అక్కడి నుంచి కొలోన్‌కు రైల్లో గంట ప్రయాణం. కొలోన్ పెద్ద చర్చి ఫొటోలు ఓ ఎనభై చూపించాను. వాడు అన్నీ తిరగేసి, "తాడిపత్రి గుడి ఎప్పుడన్నా చూసినావా?" అన్నాడు.

చూడలేదు. గుంతకల్లులో మా మేనత్త ఉంటుంది. ఆమె ఇంటికి పోయిన ప్రతిసారీ తాడిపత్రి దాటుకునే పోయాం, ఒక్కసారీ దిగలేదు. మాకు తాడిపత్రి అంటే బండలు. మా ఇంటి నడవలో పరిచినవి అవే.

రెండు రోజుల తర్వాత ఇద్దరం పొద్దున్నే బయల్దేరాం. జనరల్ టికెట్ ఫోన్‌లో తీసుకుందామని స్టేషన్ లోపలికి పోయాక యాప్ తెరిచాను. పట్టాలకు మరీ దగ్గరగా ఉన్నావని ఇవ్వలేదు. బయట ఉండగానే తీసుకోవాలి, లేదంటే స్టేషన్‌లో అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. వాడికి ఇదంతా తెలుసు, నాకే తెలియదు. ఇద్దరి టికెట్లకూ కలిపి జర్మనీలో ఒక కాఫీకయ్యేంత కూడా కాలేదు. అక్కడ యూనివర్సిటీ ఫీజుతో పాటే సెమిస్టర్ టికెట్ వస్తుంది, మామూలు రైళ్లలో ఎంతైనా తిరగొచ్చు. అందుకే ఛార్జీ గురించి ఆలోచించే అలవాటే పోయింది.

బండి ఇరవై ఐదు నిమిషాలు లేటు. నాకేమీ కోపం రాలేదు. జర్మనీ రైళ్లంటే గడియారమే అనుకుని పోయినదాన్ని. ఓసారి కొలోన్ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఎక్కాల్సిన రైలు రద్దయింది. తర్వాతిది కూడా రద్దయింది. ఎముకలు కొరికే చలిలో ప్లాట్‌ఫాం మీద రెండు గంటలు నిలబడ్డాను. స్టేషన్ బాత్రూముకు ఒక యూరో కట్టింది కూడా ఆ రాత్రే.

ఎర్రగుంట్ల దాకా నిలబడే పోయాం. అక్కడ సిమెంటు ఫ్యాక్టరీల వాళ్లు దిగితే కిటికీ పక్కన సీటు దొరికింది. ముద్దనూరు దాటాక మంగపట్నం వస్తుంది. 1902లో అక్కడ వరదకు వంతెన తెగి మెయిలు బండి పడిపోయిందని తాత చెప్పేవాడు. చిన్నప్పుడు ఆ చోటు రాగానే కళ్లు మూసుకునేదాన్ని. ఈసారి తల బయటికి పెట్టి చూశాను. కిందంతా కంపచెట్లు, మేకలు.

తాడిపత్రిలో దిగగానే ఆటో అతను గుడికి నూటాయాభై అన్నాడు. నేను బ్యాగులోకి చెయ్యి పెట్టేలోపే తమ్ముడు బేరం మొదలుపెట్టి ఎనభైకి దించాడు. కొలోన్‌లో ఈ బాధ లేదు. స్టేషన్ గుమ్మం దాటితే ఎదురుగా చర్చే. బ్యాగు పెట్టుకోవడానికి కూడా అక్కడ యంత్రముంది, పెట్టెను మింగేసి చీటీ ఇస్తుంది. ఇక్కడ గుడి బయట పూలమ్మే అవ్వను అడిగాం. "పెట్టిపోండమ్మా, యాడికీ పోదు" అంది. చీటీ గీటీ లేదు.

ముందు టిఫిను. ఉగ్గాని, మిరపకాయ బజ్జి. బొరుగుల్లో పప్పులపొడి సరిగ్గా పడింది, బజ్జి నూనె మాత్రం పాతది. ఆఖెన్‌లో మరమరాలు కొనుక్కొచ్చి మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ ముద్దయింది. ఇక్కడ రెండో ప్లేటు చెప్పాను.

ఊళ్లోది చింతల వెంకటరమణస్వామి గుడి. దేవుడు చింతచెట్టులో దొరికాడని చెప్పుకుంటారు, పేరు అందుకేనట. లోపల రాతి రథం ఉంది, హంపిలో ఉన్నదానిలాంటిదే, అదే గరుత్మంతుడి మండపం. గర్భగుడి బయటి గోడల మీద రామాయణం చుట్టూ చెక్కారు. తమ్ముడు ఏ బొమ్మ ఏ ఘట్టమో చెప్పబోయి రెండుసార్లు తప్పు చెప్పాడు. దర్శనం తొందరగానే అయింది.

అసలు సంగతి రెండో గుడి. బుగ్గ రామలింగేశ్వరుడిది, పెన్న ఒడ్డున. లింగం దగ్గర ఎప్పుడూ నీరు ఊరుతుంటుంది, అదే బుగ్గ. రెండు గుళ్లూ విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు కట్టించినవే. మేం చేరేసరికి మధ్యాహ్నమై తలుపులు మూశారు. తమ్ముడు ఉసూరుమన్నాడు. నేను మాత్రం గోపురాల దగ్గరే ఆగిపోయాను.

ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి, రెండూ మొండివే. కింది రాతి భాగం ఉంది, పైన అంతస్తులు లేవు. ఉన్నంత మేర మాత్రం వేలెడు జాగా వదలకుండా చెక్కారు. గోపురంలోనే బుల్లి గుళ్లు, వాటికి బుల్లి స్తంభాలు, ద్వారం పక్కన తీగ పట్టుకుని మకరం మీద నిలబడ్డ ఆడమనిషి. ఆమె కాలి అందె దగ్గర చెయ్యి పెడితే రాయి చల్లగా తగిలింది. మా నడవలో బండలు కూడా పొద్దున అలాగే ఉంటాయి.

కొలోన్ చర్చి కూడా మొండిగా మిగిలినదే. 1248లో మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తే సగం లేచిన బురుజు మీద కొయ్య క్రేను దాదాపు నాలుగు వందల ఏళ్లు అలాగే నిలబడి ఉందట. 1880లో పూర్తి చేశారు. నేను 533 మెట్లెక్కి మోకాళ్లు పట్టుకుని కూర్చున్నది ఆ పూర్తయిన బురుజు మీదే. ఇక్కడ పూర్తి చేయలేదు. చేసి ఉంటే కళ్లు పైకే పోయేవేమో, కింద ఈ అందె కనిపించేదా అనిపించింది.

కొరత ఉంది. ఏ బొమ్మ ఏమిటో చెప్పేవాళ్లు దొరకలేదు. బాత్రూము కోసం ఆటో ఎక్కి ఊళ్లోకి రావాల్సి వచ్చింది. ఆ సాకుతోనే ఓ లాడ్జిలో రెండు గంటలకు గది అడిగితే రోజు మొత్తానికి కట్టమన్నారు. దుప్పటి చూశాక వద్దనుకున్నాం. ఆ డబ్బుతో భోజనం చేసి మళ్లీ పెన్న ఒడ్డుకే పోయాం. ఏట్లో నీటికంటే ఇసుకే ఎక్కువ. పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు మాత్రం పొద్దున తొమ్మిదిలోపే బుగ్గ గుడి చూసుకుని ఆ తర్వాత ఊళ్లోకి రండి. మాలాగా తిరగేసి పెట్టుకోవద్దు. గండికోట కూడా కలుపుకునేవాళ్లకు రాత్రి అక్కడే హరిత హోటల్ ఉంది, తాడిపత్రిలో గది వెతకనక్కర్లేదు.

సాయంత్రం తలుపులు తీశాక దర్శనం చేసుకుని బ్యాగు కోసం అవ్వ దగ్గరికి పోయాం. డబ్బులిస్తే తీసుకోలేదు. "పూలు తీసుకోమ్మా" అంది. రెండు మూరలు కొన్నాను. బండిలో ముద్దనూరు దాకా సీటు దొరకలేదు. నలగకుండా ఆ పూలను చేత్తో పైకెత్తి పట్టుకుని నిలబడితే ఎదురుగా కూర్చున్నామె, "ఇట్లియ్యమ్మా, నేను పట్టుకుంటా" అని ఒళ్లో పెట్టుకుంది.