ఒసాకా కోట: కాంక్రీటు గోపురం, అసలైన రాళ్లు

ఒసాకా నగరం నడుమ తెల్లని గోడలతో, ఆకుపచ్చని కప్పులతో, పై అంచెలో బంగారు పులుల బొమ్మలతో మెరిసిపోయే కోట గోపురం సమురాయ్‌ల (పాతకాలపు జపాను యోధుల) కాలం నాటిది కాదు. అది 1931లో ఉక్కు చట్రంతో, కాంక్రీటుతో కట్టిన భవనం. బయటికి ఐదు అంచెలుగా కనిపించినా లోపల ఎనిమిది అంతస్తులు, లిఫ్టు, దుకాణం, అద్దాల పెట్టెల్లో ప్రదర్శనలు ఉంటాయి. జట్‌పురా గేటు కింద నుంచి రోజూ స్కూటర్ల మీద పోతూ గోండు రాజుల గోడను గమనించడం కూడా మానేసిన చంద్రపూర్ వాళ్లం గనుక, పాత కోట అంటే రాయి నల్లబడి ఉండాలని, సందుల్లో రావి మొక్క మొలిచి ఉండాలని మనకొక అంచనా ఉంటుంది. ఆ అంచనాతో వెళ్లి చూస్తే ఒసాకా గోపురం నిన్ననే రంగులు వేసిన కల్యాణ మండపంలా కనిపిస్తుంది. పిల్లల ఉద్యోగాల పుణ్యమా అని జపాను వెళ్లే బల్లార్షా, రాజురా వైపు తల్లిదండ్రులు ఈ సంగతి ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది, ఎందుకంటే అక్కడ చూడవలసిన అసలు కోట గోపురంలో కాక దాని చుట్టూ ఉంది.

ఓతెమొన్ అనే ప్రధాన ద్వారం వైపు నుంచి నడిచి వెళ్తే ఆ అసలు కోట క్రమంగా కనిపిస్తుంది. అప్పట్లో జపానును ఏలిన సైనిక పాలకులు, తొకుగావా వంశపు షోగన్లు, 1620లో మొదలుపెట్టి, తమకు లోబడిన సామంత ప్రభువుల చేత సుమారు పదేళ్లపాటు కట్టించిన రాతిగోడలు, అగడ్తలు, ద్వారాలు, కొన్ని బురుజులు ఇప్పటికీ అసలు రూపంలో ఉన్నాయి. లోపలి అగడ్త తూర్పు వైపున గోడ ఎత్తు సుమారు 30 మీటర్లు ఉంటుంది. నిట్టనిలువుగా కాక అడుగున వాలుగా మొదలై పైకి పోయేకొద్దీ నిటారుగా లేచే ఆ వంపును గట్టు మీద నిలబడి తీరుబడిగా చూడాలి. పని పంచుకున్న ప్రభువుల గుర్తులు రాళ్ల మీద చెక్కి ఉన్నాయి, ఎవరి వంతు రాయి ఎవరిదో తగవు రాకుండా. మన ఊరి గోడ రాయిని దగ్గరగా చూసి పెరిగినవారికి ఈ పనితనం తేలికగానే అర్థమవుతుంది.

సకురామొన్ ద్వారం దాటగానే ఎదురుగా ఉన్న ‘తాకో ఇషి’ దగ్గర మాత్రం తప్పక ఆగాలి. ఒకాయామా ప్రభువు ఇకెదా తదావో వంతుగా అమర్చిన ఈ ఒక్క రాయి ముఖం దాదాపు 60 చదరపు మీటర్లు, బరువు 100 టన్నులకు పైనే ఉంటుందని అంచనా. చిత్రమేమిటంటే దాని మందం ఒక మీటరు కూడా లేదు. లోనికి వచ్చే శత్రువుకూ అతిథికీ కూడా కొండను తెచ్చి పెట్టినట్టు కనిపించాలనే ఉద్దేశంతో పలకలాంటి రాయిని నిలబెట్టారు. కోట అంటే యుద్ధం ఎంతో ప్రదర్శన కూడా అంతేనని అర్థమయ్యే చోటు ఇదే, దీనికి టికెట్టు కూడా అవసరం లేదు.

ఇక గోపురం మాటకొస్తే, దానిని నకిలీ అని కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. తొకుగావాల కంటే ముందు దేశాన్నేలిన తొయొతొమి హిదెయొషి 1583లో ఈ కోట మొదలుపెట్టాడు. 1585లో పూర్తయిన ఆయన గోపురం 1615లో తొకుగావాలు చేసిన వేసవి ముట్టడిలో కాలిపోయింది. తొకుగావాలు 1626లో పూర్తి చేసిన రెండవ గోపురం 1665లో పిడుగు పడి కాలిపోయింది. అంటే మొదటిది 30 ఏళ్లు, రెండవది 39 ఏళ్లు మాత్రమే నిలిచాయి. ఆపై రెండున్నర శతాబ్దాలకు పైగా గోపురమే లేని కోటకు, నగర మేయరు సెకి హజిమె చొరవతో, ప్రజల చందాలతో కట్టిన ఈ మూడవది తొంభై ఏళ్లు దాటి నిలబడి ఉంది. 1945లో పక్కనున్న ఆయుధ కర్మాగారం మీద కురిసిన బాంబులను కూడా తట్టుకుంది. పునాది రాళ్లలో కొన్ని అప్పటి అదురుకు పక్కకు జరిగి ఈశాన్య మూలన ఇప్పటికీ అలాగే ఉన్నాయి. వసూలైన 15 లక్షల యెన్లలో గోపురానికి ఖర్చయినది 5 లక్షల లోపే కాగా, అంతకంటే ఎక్కువ సొమ్ము అదే ఆవరణలో సైన్యం కోసం కట్టిన కార్యాలయ భవనానికి పోయింది. ప్రభుత్వాల లెక్కలు ఎక్కడైనా ఇలాగే ఉంటాయేమో! ఆ సైనిక భవనంలో ఇప్పుడు హోటళ్లు నడుస్తున్నాయి.

రూపం విషయంలో కట్టినవారు రాజీపడ్డారు. కింది నాలుగు అంచెలు తొకుగావా పద్ధతిలో తెల్లగా, అయిదవది హిదెయొషి పద్ధతిలో నల్లగా, బంగారంతో ఉంటాయి. మొత్తం నిలబడినది తొకుగావాల రాతి పునాది మీద. ఒకరి చేతిలో ఒకరు నాశనమైన రెండు శత్రు వంశాల, అంటే ఓడిన తొయొతొమిల, గెలిచిన తొకుగావాల కోటలను ఒకే ఒంటికి తొడగడం చరిత్రకారులకు నచ్చకపోవచ్చు గాని, కంటికి మాత్రం ఎబ్బెట్టుగా లేదు.

లోపల లిఫ్టులో అయిదవ అంతస్తుకు వెళ్లి, మెట్ల మీదుగా ఎనిమిదవ దాకా ఎక్కి, అక్కడి నుంచి ఒక్కొక్క అంతస్తు చూస్తూ దిగాలి. అన్నింటిలోకి విలువైనది అయిదవ అంతస్తులోని వేసవి ముట్టడి ప్రదర్శన. ఆ యుద్ధాన్ని చిత్రించిన మడత తెరలో 5 వేలకు పైగా మనుషులు ఉన్నారు. ఒక సగం సైన్యాలదైతే, రెండవ సగం ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోతున్న ఊరి జనానిది, వారిని దోచుకుంటున్న సైనికులది. గెలిచినవారి వైపు నుంచి వేయించిన బొమ్మలో ఈ సగానికి చోటు దొరకడం నాకు ఆశ్చర్యం కలిగించింది. సాధారణ పదాతి ఇంట పుట్టి దేశాన్నేలిన హిదెయొషి జీవితాన్ని ఏడవ అంతస్తులో చిన్న చిన్న నమూనాలతో చెబుతారు. పిల్లలు అక్కడి నుంచి కదలరు. మూడు, నాలుగు అంతస్తుల్లో ఫోటోలు తీయనివ్వరు. రెండవ అంతస్తులో రుసుము చెల్లిస్తే శిరస్త్రాణం పెట్టి ఫోటో తీసుకోవచ్చు, అది మీ ఇష్టం. పైనుంచి కనిపించే దృశ్యం బాగుంటుంది, కానీ సగం ఎత్తయిన భవనాలే.

2025 ఏప్రిల్ నుంచి పెద్దలకు టికెట్టు 1,200 యెన్లు, అంటే సుమారు 700 రూపాయలు. అంతకు ముందు ఇందులో సగమే ఉండేది. జపాను లెక్కలో హైస్కూలు వయసు రాని, అంటే సుమారు 15 ఏళ్ల దాకా పిల్లలకు టికెట్టు లేదు. ధర రెట్టింపయినా ఆ టికెట్టుతోనే భూగర్భంలోని హిదెయొషి నాటి రాతిగోడను కూడా చూడవచ్చు. పాత కోట ఆనవాలు కనబడకుండా తొకుగావాలు దానిని మట్టితో పూడ్చి, ఆ పైన తమ కోట కట్టుకున్నారు; పూడుకుపోయిన ఆ గోడల జాడ 1959లో బయటపడింది. చెక్కని మొరటు రాళ్లను ఒడుపుగా పేర్చిన ఆ గోడ ముందు నిలబడితే, పైన చూసివచ్చిన నునుపు గోడల కంటే అది ఒక తరం పాతదని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. గోపురం లోపలి ప్రదర్శనల మీద ఆసక్తి లేనివారికి కూడా ఈ ఒక్కదాని కోసం టికెట్టు కొనమని చెబుతాను.

ప్యాకేజీ టూర్ల వారు కొందరు గోపురం ముందు మైదానంలో ఫోటో తీయించి, బస్సు ఎక్కించేస్తారు. అలాంటి ఏర్పాటు ఉంటే, అగడ్తల వెంట నడవడానికి విడిగా ఒక పూట అడిగి పెట్టుకోవాలి. మే నెల చాందా (చంద్రపూర్) ఎండను తట్టుకున్నవారికి ఎండ భయం లేకపోయినా, ఆగస్టులో ఒసాకా ఉక్కపోత వేరు. చెక్కతో కట్టిన అసలు సమురాయ్ కోటే చూడాలనుకునేవారు ఒసాకా నుంచి రైలులో సుమారు గంట దూరంలో ఉన్న హిమెజికి వెళ్లాలి. 1609లో పూర్తయిన గోపురం అక్కడ అలాగే ఉంది. అయితే అక్కడ చెప్పులు విప్పి చేత పట్టుకుని, ఇరుకైన నిటారు మెట్లు ఎక్కవలసి ఉంటుంది, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు హిమెజిని బయటి నుంచి చూసి, ఒసాకాలో లోపలికి వెళ్లడమే మేలు.