బీటిల్‌కి ఏ పెట్రోల్ మేలు: మామూలుదా, 95ఆ, 100ఆ?

నాది 1966 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు, 1300 ఇంజిన్. బంకులోకి వెళ్లగానే పంపు దగ్గరి కుర్రాడు మూత కోసం బండి చుట్టూ ఒక రౌండు కొడతాడు. వెనకాల ఉన్నది ఇంజిన్ బాబూ అని చెప్పి, ముందు బానెట్ ఎత్తి ట్యాంకు చూపిస్తాను. ఆ నవ్వులయ్యాక అసలు ప్రశ్న వస్తుంది: "నార్మలా సార్, హండ్రెడా?"

హైదరాబాద్‌లో నార్మల్ లీటరు 107 దగ్గర ఉంటే, 100 ఆక్టేన్‌ది 160కి అటూ ఇటూ ఉంటోంది. నాది 40 లీటర్ల ట్యాంకు. నింపితే తేడా రెండు వేల పైమాటే.

ఆక్టేన్ ఎక్కువుంటే బండి లాగుడు పెరుగుతుందని చాలామంది నమ్మకం. ఆక్టేన్ చెప్పేది వేరే సంగతి. సిలిండర్లో ఎంత నొక్కినా, ప్లగ్ వెలిగించిన మంట తనదాకా రాకముందే తనంతట తాను అంటుకోకుండా పెట్రోల్ ఎంతవరకు ఓర్చుకుంటుందన్నదే ఆ అంకె. నా ఇంజిన్ కంప్రెషన్ 7.3, అంటే లోపలికి పీల్చిన దాన్ని 7.3 రెట్లు కుదిస్తుంది. ఇప్పటి చిన్న కార్లలో అది పది దాటే ఉంటుంది. ఇంత మెత్తగా నొక్కే ఇంజిన్‌కి వెనకటి 91 ఆక్టేనే ధారాళం. ఇప్పుడు బంకుల్లో పోసే మామూలు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్, అంటే ఒక రకం ఆల్కహాల్, కలుపుతున్నారు; దాని ఆక్టేన్ 95 అని ప్రభుత్వమే చెబుతోంది. అంటే ఆక్టేన్ కోసమే అయితే మామూలు పెట్రోలే ఎక్కువ. ప్లగ్ నిప్పు పడే టైమింగ్ సరిగ్గా ఉండి కూడా ఇంజిన్ టకటక కొడుతోందంటే లోపల మసి పేరుకుందో, గాలీ పెట్రోల్ మిక్స్‌చర్ పలచబడిందో చూసుకోవాలి. బాటిల్ ఆక్టేన్ బూస్టర్లు కొనడం మాత్రం డబ్బు దండగ.

ఒకప్పుడు పెట్రోల్లో కలిపిన సీసం గోల కూడా ఇక్కడే తేల్చేద్దాం. మన దేశంలో సీసం పెట్రోల్ 2000 ఫిబ్రవరిలోనే ఆగిపోయింది. సీసం లేకపోతే పాత ఇంజిన్లలో వాల్వ్ సీట్లు, అంటే వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే అంచులు, అరిగిపోతాయన్న భయం నిజమే, కానీ అది సీట్లను నేరుగా పోత ఇనుము సిలిండర్ హెడ్‌లోనే చెక్కిన ఇంజిన్లకు. బీటిల్ హెడ్ అల్యూమినియం, అందులో ఉక్కు సీట్లు విడిగా దిగ్గొట్టి ఉంటాయి. సీసానికి బదులంటూ అమ్మే సీసాలు మనకొద్దు.

ఇక మిగిలింది ఇథనాల్. నా దృష్టిలో పోలిక అంతా దాని చుట్టూనే తిరగాలి.

ఒక ఆదివారం ల్యాబ్ సామాన్ల కొట్లో కొలజాడీ కొనుక్కొచ్చి, నిప్పుకి దూరంగా ఆరుబయట చిన్న పరీక్ష చేశాను. పది గీత దాకా నీళ్లు, దానిపైన వంద మిల్లీలీటర్ల నార్మల్ పెట్రోల్. మూత బిగించి ఊపి పక్కన పెట్టాను. పది దగ్గర ఆగాల్సిన అడుగు పొర పైకి జరిగి ముప్పై దగ్గర నిలబడింది. పెట్రోల్లోని ఇథనాల్ నీళ్లతో చేతులు కలిపి కిందికి దిగిపోయిందన్నమాట. బంకులో 95 పేరుతో విడిగా అమ్మేదీ అంతే. 100ది మాత్రం గీత దాటలేదు. ఆ రెండు వేలు పెట్రోల్లో ఏముందని కాదు, ఏం లేదని ఇస్తున్నాం. పేరు మీద ఉన్న వంద అంకెతో నాకు పనే లేదు. మధ్యలో ఉన్న 95 ఇక్కడితో అవుట్. కాస్త ఎక్కువ ధర, అదే ఇథనాల్.

ఇథనాల్ ఇంజిన్‌ని పాడుచేస్తుందా? బ్రెజిల్‌ని చూడండి. అక్కడ బీటిల్‌ని ఫుస్కా అంటారు. 1980లలో అచ్చంగా ఆల్కహాల్‌తో నడిచే ఫుస్కాలనే కంపెనీ అమ్మింది. ఇదే గాలితో చల్లబడే ఇంజిన్. కాకపోతే గాలిలో పెట్రోల్ కలిపే కార్బురేటర్‌ని దానికి తగ్గట్టు మార్చారు. మనం ఏమీ మార్చకుండా పోస్తున్నాం, చిక్కు అక్కడుంది.

మొదటి దెబ్బ రబ్బరుకి. పోయిన వేసవిలో గ్యారేజీ తలుపు తీయగానే గుప్పున పెట్రోల్ వాసన. మా మెకానిక్ వచ్చి, పంపు నుంచి కార్బురేటర్‌కి వెళ్లే నూలు అల్లిక పైపుని రెండు వేళ్లతో నొక్కాడు. అల్లిక సందుల్లోంచి చెమట పట్టినట్టు చుక్కలు. "బండి మంచిగనే ఉంది సాబ్, పైపులే ముసలివైనయ్" అన్నాడు. నవ్వలేకపోయాను. ఈ ఇంజిన్లో పంపు పక్కనే ప్లగ్‌లకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఉంటుంది, నిప్పు అక్కడే పుడుతుంది. బీటిళ్లు తగలబడ్డ కథల్లో సగం ఈ జానెడు పైపు దగ్గరే మొదలవుతాయి. మీరు ఏ పెట్రోల్ పోసినా సరే, ముందు పైపులన్నీ మార్చండి. పైన "ఎస్ఏఈ జే30 ఆర్9" అని ముద్ర ఉన్నది అడిగి కొనండి. పంపు లోపలి పొర, అదే డయాఫ్రం, కూడా ఇథనాల్‌ని తట్టుకునేదే వేయించండి.

రెండోది వేడి. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అది మండటానికి గాలి తక్కువ చాలు. మామూలుగా ఒక పాలు పెట్రోల్‌కి 14.7 పాళ్ల గాలి కావాలి. 20 శాతం కలిపితే 13.5 సరిపోతుంది. కంప్యూటర్ ఉన్న కారు సెన్సర్‌తో చూసి సర్దుకుంటుంది. నా సోలెక్స్ కార్బురేటర్‌కి కళ్లు లేవు, పాత లెక్కలోనే పోస్తుంది. దాంతో మిక్స్‌చర్ పలచబడుతుంది, ఎగ్జాస్ట్ వాల్వ్ కాగుతుంది. అందులోనూ మూడో సిలిండర్. నా మోడల్లో దానికి వెళ్లే గాలికి ఆయిల్ కూలర్ అడ్డం, అందుకే అది ఎప్పుడూ ఒక డిగ్రీ ఎక్కువ కోపంగా ఉంటుంది. ఆ కూలర్‌ని పక్కకి జరిపింది 1971 మోడళ్ల నుంచే.

దీనికి మందు చవకే. నా కార్బురేటర్ మెయిన్ జెట్ 125, అంటే పెట్రోల్ వచ్చే రంధ్రం 1.25 మిల్లీమీటర్లు. 130 వేయించాను. వినడానికి ఐదు పాయింట్లే, కానీ రంధ్రం వైశాల్యం ఎనిమిది శాతం పెరుగుతుంది, మనకు కావలసింది సుమారుగా అంతే. వారం తిరిగాక ప్లగ్‌లు విప్పితే తెల్లగా ఉన్నవి కాస్తా బిస్కెట్ రంగుకి వచ్చాయి. మైలేజీ కొంచెం తగ్గింది. ఇథనాల్‌లో సత్తువే తక్కువ, దానికి ఎవరూ ఏం చేయలేరు.

మూడో దెబ్బ నిలవ. వానాకాలంలో బండి నెలల తరబడి కదలదు. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే నా కొలజాడీలో జరిగిందే ట్యాంకులోనూ జరుగుతుంది, ఆ పొర చేరేది అడుగున, పెట్రోల్ బయటికి వెళ్లే దారి ఉన్నదీ అడుగునే.

కాబట్టి వారానికి రెండుసార్లయినా తిప్పే బండికి, పైపులూ జెట్టూ మార్చాక, మామూలు పెట్రోలే నా ఓటు. ఇంకా ఏమీ మార్చని బండి అయితే అవి మారే దాకా 100. నెలల తరబడి మూలన పడేసే బండికీ 100 పోయించి పెట్టడమే నయం. ఒకవేళ ఇంజిన్‌ని కంప్రెషన్ పెంచి కట్టించుకుని ఉంటే నా లెక్కలేవీ మీకు వర్తించవు, కట్టిన మెకానిక్‌నే అడగండి.

నేను జూన్ మొదట్లో ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యేదాకా తిప్పి, పది లీటర్ల 100 పోయించి, అది కార్బురేటర్ దాకా చేరేలా ఇరవై నిమిషాలు నడిపి షెడ్డులో పెడతాను. 130 జెట్‌తో ఆ పెట్రోల్ కాస్త చిక్కగా మండి ప్లగ్‌లు నల్లబడతాయి. దసరాకి బయటికి తీసినప్పుడు తుడుచుకుంటాను.